ఖాళీ సీసా లెక్క

పరిశోధనలో చేరిన రెండో ఏట నేను గీసిన ఒక గ్రాఫు చూసి నాకే ముచ్చటేసింది. అడ్డంగా పీహెచ్, నిలువునా శాతం. పీహెచ్ నాలుగు దగ్గర నేల మీద పాకుతున్న గీత ఐదు దాటేసరికి నిటారుగా లేచింది. ఆరున్నర దగ్గర నూటికి నూరు అందుకుని అక్కడే నిలబడింది. నీళ్లలో కరిగి ఉన్న సీసం మొత్తాన్ని నేను వేసిన ఐరన్ ఆక్సైడ్ పొడి పట్టేసుకుందని దాని అర్థం. రెండు వారాల కష్టం అది.

మా గైడు గారు కాగితం చేతిలోకి తీసుకుని కాసేపు చూశారు. "బాగుందమ్మా. ఖాళీ సీసాలో ఎంతొచ్చింది?" అన్నారు.

పొడి వెయ్యకుండా, మిగతావన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంచి చేసే ప్రయోగాన్ని మేం బ్లాంక్ అంటాం. నేను చెయ్యలేదు. పొడే లేని చోట ఏం జరుగుతుందిలే అనుకున్నాను. మర్నాడు చేశాను. పీహెచ్ ఆరున్నర దగ్గర, చిటికెడు పొడైనా లేని సీసాలో, ద్రావణంలో ఉండాల్సిన సీసంలో మూడో వంతుకు పైగా కనిపించలేదు. అది ఆవిరి కాలేదు, ఒలికిపోలేదు. గాజు గోడకు అంటుకుని కూర్చుంది. నా గ్రాఫులో పొడి గొప్పతనం ఎంతో, గాజు చేతివాటం ఎంతో విడదీసి చెప్పే దారి లేదు. రెండు వారాల పనిని పక్కన పెట్టి మళ్లీ మొదలెట్టాను.

ముప్పై ఏళ్లు ఈ పనిలో ఉన్నాక ఇప్పుడు చెప్పగలను. రేడియో ధార్మికతతో, ఉపరితలాలతో ప్రయోగాలు చేసేవాళ్లకు అసలు చదువు ఆ ఖాళీ సీసా దగ్గరే మొదలవుతుంది.

నేను వాడినది మామూలు సీసం కాదు, సీసం-212. మేం దాన్ని కొనేవాళ్లం కాదు, పట్టుకునేవాళ్లం. మూత బిగువుగా ఉండే చిన్న డబ్బాలో థోరియం పొడి పరిచేవాళ్లం. దాంట్లోంచి థోరాన్ అనే వాయువు పైకొస్తుంది. దాని అర్ధాయువు 56 సెకన్లు. అది పొలోనియంగా, ఆ పొలోనియం సెకను తిరక్కముందే సీసం-212గా మారిపోతుంది. అలా పుట్టిన పరమాణువులు చాలావరకు ధనావేశంతో ఉంటాయి. పొడికి పైన ఒక రేకు వేలాడదీసి దానికి రుణ విద్యుత్తు ఇస్తే, వచ్చి దాని మీద వాలతాయి. సాయంత్రం ఇంటికి వెళ్లేముందు రేకు వేలాడదీస్తే పొద్దున్నకు సరుకు సిద్ధం.

ఆ రేకును పొద్దున్నే ఫోర్సెప్స్‌తో పట్టి తీసే క్షణం నాకు ఇప్పటికీ ఇష్టం. నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంటుంది. మచ్చ లేదు, మసి లేదు, మెరుపు తగ్గలేదు. ధార్మికతను లెక్కపెట్టే కౌంటర్ దగ్గరికి తెస్తే మాత్రం అంకెలు పరుగెత్తుతాయి. కొన్ని చుక్కల పలచని నైట్రిక్ ఆమ్లంతో కడిగితే ఆ కనపడనిదంతా నీళ్లలోకి దిగుతుంది. అక్కణ్నుంచి గడియారంతో పరుగు. 10.6 గంటలకు సగం, మరో 10.6 గంటలకు అందులో సగం. పొద్దున తొమ్మిదికి లెక్కపెట్టిన సీసాని, మధ్యాహ్నం మూడుకి లెక్కపెట్టిన సీసాని ఒకే గడియకు సవరించి చూడకపోతే ఏ అంకెకూ అర్థం లేదు.

ఇంతకీ ఆ రేకు మీద ఉన్నదెంత? ఒక మైక్రోక్యూరీ అనుకుందాం. అంటే సెకనుకు 37,000 పరమాణువులు విచ్ఛిన్నమవుతున్నాయన్నమాట. లెక్క వేస్తే మొత్తం పరమాణువులు సుమారు 200 కోట్లు. వినడానికి పెద్ద సంఖ్యే. తూకం వేస్తే గ్రాములో లక్ష కోట్లవ వంతు కూడా ఉండదు. ఇప్పుడు గాజు వైపు చూడండి. మన చిన్న సీసాలో నీళ్లు తగిలే గోడ ఇరవై చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. గాజు పైముఖమంతా ఆక్సిజన్, హైడ్రోజన్ జంటలు పరుచుకుని ఉంటాయి. సీసం అయాను వచ్చి కూర్చోగలిగిన పీటలవి. ఆ ఇరవై చదరపు సెంటీమీటర్లలో ఉన్న పీటలను, వచ్చిన అతిథులను లెక్కగడితే, ఒక్కో అతిథికి దాదాపు యాభై లక్షల పీటలు వేసి ఉన్నాయి. ఆమ్లం ఎక్కువగా ఉంటే ఆ పీటల మీద ముందే హైడ్రోజన్ అయాన్లు కూర్చుని ఉంటాయి, సీసానికి చోటు దొరకదు. ఆమ్లం తగ్గిన కొద్దీ పీటలు ఖాళీ. పీహెచ్ ఆరున్నర దగ్గర నా సీసాలో జరిగింది అదే.

లోపలికి పీల్చుకుంటే శోషణం, పైన అంటిపెట్టుకుంటే అధిశోషణం అని పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. మన ఇళ్లలో ఆ మాట లేకుండానే ఆ సంగతి తెలుసు. ఇంగువ కట్టిన గుడ్డ అంటారు. ఇంగువ అయిపోయి ఏడాదైనా గుడ్డను పారెయ్యరు, ఎందుకంటే అందులో ఇంకా ఉంది. మామూలు రసాయన శాస్త్రంలో గ్రాముల్లో, మిల్లీగ్రాముల్లో పని జరుగుతుంది కాబట్టి గోడకు అంటిన కాస్త ఎవరికీ పట్టదు. మా దగ్గర ఉన్నదే కాస్త. అది గోడకు అంటితే మొత్తం పోయినట్టే.

దీనికి పాతకాలం నుంచీ ఒక మందుంది, క్యారియర్ వెయ్యడం. ఒక మిల్లీగ్రాము మామూలు సీసం కలిపితే అది కోట్లాది రెట్లు ఎక్కువ కాబట్టి పీటలన్నీ అదే ఆక్రమిస్తుంది. మన ధార్మిక సీసం గుంపుతో పాటే నడుస్తుంది. 1938 డిసెంబరులో బెర్లిన్‌లో ఆటో హాన్, ఫ్రిట్జ్ స్ట్రాస్‌మన్ యురేనియం బద్దలైందని కనిపెట్టింది ఈ పద్ధతిలోనే. రేడియం అనుకున్న దాన్ని బేరియం వెంట నడిపించి, ఆ తర్వాత బేరియం నుంచి ఎంత విడదీసినా విడిపోకపోతే, అది బేరియమేనని ఒప్పుకోవలసి వచ్చింది. కానీ ఉపరితలాన్నే చదవాలనుకున్నప్పుడు క్యారియర్ పనికిరాదు. పీటలన్నీ నింపేసి, పీటలు ఎలా నిండుతాయో చూస్తానంటే కుదరదు కదా. అందుకే మాకు మిగిలింది ఒకటే దారి. ద్రావణంలో ఎంత, పొడి మీద ఎంత, గోడ మీద ఎంత అని మూడూ విడివిడిగా కొలిచి, కూడితే మొదట వేసినంత రావాలి. పాత షావుకార్లు చిట్టా, ఆవర్జా కలిసేదాకా దుకాణం కట్టేవాళ్లు కాదంటారు. మా ల్యాబులో సాయంత్రాలు అలాగే గడిచేవి.

నా విద్యార్థులతో మొదటి నెలలు సీసాలు కడిగించాను. కొందరు నొచ్చుకున్నారు. సీసాని నైట్రిక్ ఆమ్లంలో రాత్రంతా నానబెట్టి, డిస్టిల్డ్ వాటర్‌తో పలుమార్లు తొలిచి, ఆరబెట్టి, ఆ ఖాళీ సీసానే కౌంటర్లో పెట్టి చూడమనేదాన్ని. శుభ్రంగా ఉన్న సీసా కూడా ఏవో కొన్ని కౌంట్లు ఇస్తుంది. గదిలో, గోడల్లో, మన ఒంట్లో ఉన్న ధార్మికతది ఆ చప్పుడు. దాన్ని మించి ఒక్కటి ఎక్కువొచ్చినా అదెక్కడిదని అడగాలి. ఈ ప్రశ్న నోటికి అలవాటైన పిల్ల మంచి శాస్త్రవేత్త అవుతుందని నా గట్టి నమ్మకం. బ్లాంక్ ఎంతొచ్చిందో చెప్పని పరిశోధనా పత్రాన్ని, గ్రాఫు ఎంత అందంగా ఉన్నా, నేను నమ్మను.

అంటుకుపోవడాన్ని నష్టంగా కాక సమాచారంగా చూసినవాళ్ల వల్లే ఈ శాస్త్రం ముందుకు నడిచింది. 1911లో హంగరీ యువకుడు జార్జ్ డి హెవెసీ మాంచెస్టర్‌లో రూథర్‌ఫర్డ్ దగ్గర చేరాడు. మామూలు సీసంలో కలిసిపోయిన రేడియం-డిని వేరుచేసి ఇమ్మని ఆయన పురమాయించాడు. ఎంత ప్రయత్నించినా విడిపోలేదు. విడిపోదు కూడా, అది సీసం-210, సీసానికి సొంత తోబుట్టువు. విడదీయలేకపోతే జాడ చెప్పడానికి వాడుకోవచ్చు కదా అని హెవెసీకి తట్టింది. 1913లో వియన్నాలో ఫ్రిట్జ్ పనెత్‌తో కలిసి, నీళ్లలో దాదాపు కరగదనుకునే సీసం లవణాలు ఎంత కరుగుతాయో కొలిచాడు. ట్రేసర్ అనే పద్ధతికి పుట్టిల్లు అదే. 1943 నోబెల్ బహుమతి దానికే.

పనెత్ చేసిన మరో పని నా మనసుకు ఇంకా దగ్గర. 1922లో ఆయన సీసం సల్ఫేట్ పొడిని దాని సంతృప్త ద్రావణంలోనే వేసి, అందులో నేను వాడిన ఆ సీసం-212నే చుక్క కలిపి గిలకొట్టాడు. పొడి పైపొరలో ఉన్న సీసం, నీళ్లలో ఉన్న సీసం ఎడతెగకుండా చోట్లు మార్చుకుంటూ ఉంటాయి. నిలకడకు వచ్చాక ట్రేసర్ ఏ నిష్పత్తిలో పంచుకుపోయిందో, మొత్తం సీసం కూడా అదే నిష్పత్తిలో పంచుకుని ఉండాలి. నీళ్లలో ఎంత ఉందో తెలుసు కనుక పైపొరలో ఎంత ఉందో తేలుతుంది. దాన్నుంచి ఆ పొడి పైముఖం విస్తీర్ణం వచ్చేస్తుంది. మైక్రోస్కోపు లేదు, స్కేలు లేదు. నన్ను రెండు వారాలు వెనక్కి నెట్టిన అంటుకునే గుణమే ఆయన చేతిలో కొలబద్ద అయింది.

ఇంకా వెనక్కి వెళ్తే, 1898 జులైలో పారిస్‌లో మేరీ, పియరీ క్యూరీ దంపతులు ఖనిజం నుంచి తీసిన బిస్మత్ సల్ఫైడును గాజు గొట్టంలో పెట్టి, గాలి తీసేసి, 700 డిగ్రీల దాకా వేడి చేశారు. ధార్మికత గలది ముందుకు సాగి, 250, 300 డిగ్రీల మధ్య ఉన్న చోట గొట్టం గోడకు నల్లటి పూతగా అంటింది. దాని ధార్మికత యురేనియం కన్నా 400 రెట్లు. పొలోనియం లోకానికి పరిచయమైంది అలా, గాజు మీద మసిలా.

అదే పనిని 109 ఏళ్ల తర్వాత రష్యాలోని దుబ్నాలో మళ్లీ చూశాం. ప్లుటోనియం మీద కాల్షియం-48 పుంజాన్ని వేసి 112వ మూలకాన్ని పుట్టించారు. వాయు ప్రవాహంలో దాన్ని బంగారు పూత పూసిన డిటెక్టర్ల వరుస గుండా పంపారు. ఒక చివర గది వేడికి దగ్గర, రెండో చివర మైనస్ 180 డిగ్రీల దాపు. పాదరసం లాంటిదైతే బంగారానికి ముందే అంటుకోవాలి. రేడాన్‌లా దేనితోనూ కలవని వాయువైతే చలి చివరదాకా జారిపోవాలి. అర్ధాయువు నాలుగు సెకన్లు. 2007లో ప్రచురించిన ఆ ఫలితం నిలిచింది రెండే రెండు పరమాణువుల మీద. రెండూ చలి చివరకు చేరకముందే బంగారం మీద ఆగాయి. పాదరసం కుటుంబమే అని తేలింది. 2010లో దానికి కోపర్నీసియం అని పేరు పెట్టారు. రెండు పరమాణువులను నమ్మి కుటుంబం నిర్ణయించడానికి ఎన్ని ఖాళీ లెక్కలు తీసి ఉంటారో తలచుకుంటే వాళ్లకు చేతులు జోడించాలనిపిస్తుంది.

పోయిన నెలలో అత్తయ్యను బోన్ స్కాన్‌కు తీసుకెళ్లాను. అక్కడ ఇంజక్షన్‌కి వాడేది టెక్నీషియం-99ఎమ్. చిన్న అల్యూమినా స్తంభం మీద మాలిబ్డినం-99ని అంటించి ఉంచుతారు. అది మారి పుట్టిన టెక్నీషియానికి ఆవేశం తక్కువ, అల్యూమినా మీద పట్టు తక్కువ. పొద్దున్నే సెలైన్ పోస్తే అది మాత్రం దిగి వచ్చేస్తుంది. ఆ పనిని పాలు పితకడం అంటారు. మందులో కలిపి నరంలోకి ఎక్కించాక అది ఎముక పైముఖాన ఉన్న కాల్షియం ఫాస్ఫేటుకు అంటుకుంటుంది. ఒక ఉపరితలం వదిలింది, మరో ఉపరితలం పట్టుకుంది.

మూడు గంటల తర్వాత తెర మీద వెన్నుపూసలు ఒక్కొక్కటే చుక్కలుగా వెలిగాయి. బయటికొచ్చాక అత్తయ్య అడిగింది.

"అయితే అమ్మాయ్, ఇది నా ఎముకలకు ఇంగువలా పట్టుకుందా?"

"అవునత్తయ్యా. అయితే ఆరు గంటలకు సగం తగ్గిపోతుంది. మీరు నీళ్లు బాగా తాగితే ఇంకా తొందరగా."

"మిగతా సగం?"

"మరో ఆరు గంటలకు అందులో సగం."

ఆవిడ కారులో కూర్చుని వేళ్లు మడిచింది. "అర, పావు, పరక, వీసం" అంది. "రేపు ఈపాటికి వీసం అన్నమాట."