పాత పాట, పాతబడిన పాట

పాతదంతా పాతబడదు. 1957లో వచ్చిన 'మాయాబజార్' పాటలను ఇప్పటికీ ఇష్టంగా వింటున్నాం. పదేళ్ల కిందట జాతరలను ఊపేసిన డీజే పాట ఇప్పుడు పెడితే మన పిల్లలే నవ్వుతారు. వయసు లెక్కన చూస్తే ఇది తలకిందులుగా ఉండాలి. మరి పాటను పాతబరిచేది ఏమిటి?

మొదటిది, పాట తొడుక్కున్న చప్పుడు. 1983లో యమహా డీఎక్స్7 అనే కీబోర్డు వచ్చింది. అందులో ధ్వనులు ముందే తయారుచేసి పెట్టి ఉంటాయి. మీట నొక్కితే చాలు. ఎన్నో దేశాల స్టూడియోలు అవే ధ్వనులు వాడాయి. అందుకే అవి వినగానే పాట కంటే ముందు ఆ ఏళ్లు గుర్తొస్తాయి. 1980లో వచ్చిన 'శంకరాభరణం' పాటలకు ఆ చిక్కు లేదు. కె.వి. మహదేవన్ వాటిని గాయకుల గొంతు మీద, మృదంగం లాంటి కచేరీ వాద్యాల మీద నిలబెట్టారు. ఆ వాద్యాలు ఏ ఒక్క దశాబ్దానివీ కావు.

ఇప్పుడు మన యువకులు గోండీ, కోయ పాటలకు డీజే బీటు కలిపి ఫోన్లలో పంచుకుంటున్నారు. మన భాష అలా వినిపించడం నాకూ సంతోషమే. కానీ యంత్రం బీటు మొదటి నుంచి చివరి దాకా ఒకే వేగం. దండారిలో డప్పు వాయించేవాడు ఆడేవాళ్ల కాళ్లు చూస్తాడు. ఆట వేడెక్కితే డప్పూ వేడెక్కుతుంది. ఆ చూపు బీటుకు లేదు. పైగా రేపు ఆ బీటు మోజు తీరిపోతే, దాంతోపాటు మన పాట కూడా పాతదనిపిస్తుంది. తప్పు పాటది కాదు, తొడిగిన చొక్కాది.

రెండోది, మనకు తగిలించే పొగడ్త. 'ఆదివాసుల సంగీతం వేల ఏళ్లుగా మారలేదు' అంటారు. వినడానికి బాగుంటుంది, కానీ నిజం కాదు. జోడేఘాట్‌లో కుమ్రం భీము అమరుడైంది 1940లో. ఆయన మీద పాటలు ఆ తర్వాత కట్టినవే. ప్రధాన్ కిక్రి వాయిస్తూ కథ చెప్పేటప్పుడు వినేవాళ్లను బట్టి ఒక చోట పెంచుతాడు, ఒక చోట కుదిస్తాడు. మన పాట నిలిచింది మారకపోవడం వల్ల కాదు, చిరిగిన చోటల్లా ఎవరో ఒకరు కుట్టుకుంటూ రావడం వల్ల. మారనిదంటే మనల్ని మ్యూజియంలో పెట్టినట్టే.

మూడోది అన్నిటికంటే పెద్ద దెబ్బ. దంపుడు పాట రోకలి పోటుతో పుట్టింది. ఊరికి రైస్‌మిల్లు వచ్చింది, రోకలి మూలకు చేరింది. ఆ పాటకు ఎవరూ బీటు కలపలేదు, ఒక్క మాటా మార్చలేదు. అయినా అది పాతబడింది. దాన్ని పాడే పని పోయింది మరి. బడి వార్షికోత్సవంలో పిల్లలకు వేషం కట్టి మూడు నిమిషాలు పాడిస్తే అది ఒక ఐటమ్ అవుతుంది. పని లేని చోట పాటకు ఊపిరి ఆడదు.

గుస్సాడీ గురువు కనకరాజుకు 2021లో, కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఇద్దరూ వెళ్లిపోయారు. బిరుదు మనిషికి వస్తుంది. కళ మాత్రం ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లలో ఉంటుంది.

కాబట్టి యువకులకు, తోటి ఉపాధ్యాయులకు నా మాట ఇది. పాటను మొదట ఉన్నదున్నట్టు, బీటు లేకుండా రికార్డు చేయండి. బీటు ఎప్పుడైనా కలపొచ్చు, విడదీయడం కష్టం. ఎవరు పాడారు, ఏ పనిలో, ఏ పండుగలో పాడారు అన్నది రాసి పెట్టండి. ఆ తర్వాత అదే వరసలో పిల్లల చేత కొత్త మాటలు కట్టించండి. బడి బస్సు మీద, ఎండిన వాగు మీద, పట్టా కోసం తిరిగే నాన్న మీద. పెద్దవాళ్లు కూడా తమ కాలం గురించే పాడుకున్నారు. వచ్చే దండారికి ప్రతి ఊరి నుంచి అలాంటి పాట ఒక్కటి వచ్చినా, ఆ వరస ఇంకో తరం నడుస్తుంది.