చిలకలో ప్రాణం

‘మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉన్నట్టు’ అనే మాట తెలుగువాళ్లకు కొత్త కాదు. ఎవరి బలం ఎక్కడ దాగి ఉందో చెప్పాల్సి వచ్చినప్పుడల్లా, వ్యాపారమైనా రాజకీయమైనా, ఆ పోలికే నోటికొస్తుంది. ఆ చిలక బాలనాగమ్మ కథలోది. ఇవాళ గుంటూరు, ఒంగోలు కాలేజీ పిల్లల చేతుల్లో మాయాలోకాల ఇంగ్లిషు నవలలు లావు లావువి కనిపిస్తున్నాయి. చీకటి కోటలు, రక్తంతో కట్టిన మంత్రాలు, బందీ అయిన అమ్మాయి, బంధించినవాడి మీద పుట్టే ప్రేమ వాటి సరుకు. పెద్దవాళ్లకు ఇదంతా ఎక్కడినుంచో దిగబడ్డ పిచ్చిలా అనిపిస్తుంది. నా వాదన వేరు. చీకటి మాయనూ, మనసు పడటాన్నీ ఒకే కథలో ముడివేసే పని మనవాళ్లు ఎప్పుడో నేర్చారు. అందులో మనదైన ఒక సూత్రం కూడా ఉంది. మన కథల్లో ఎంతటి మాంత్రికుడికైనా ఒక కొరత ఉంటుంది. ఆ కొరత కోరికగా బయటపడుతుంది. కోరిక అతడి చేత రహస్యం చెప్పిస్తుంది. కత్తి ఆ తర్వాత వస్తుంది.

బాలనాగమ్మ కథను ఈ కంటితో ఒకసారి చూడండి. మాయల ఫకీరు బిచ్చగాడి వేషంలో వస్తాడు. ఆమెను కుక్కగా మార్చి నాగళ్లపూడి గట్టుకు తీసుకుపోతాడు. వెతుక్కుంటూ వచ్చిన భర్త కార్యవర్ధిరాజునూ అతడి బలగాన్నీ రాళ్లు చేసి పడేస్తాడు. ఇంత శక్తి ఉన్నవాడు ఆమె ఒప్పుకోలు కోసం మాత్రం కాచుకు కూర్చోవాలి. ఆమె నోము పేరు చెప్పి పన్నెండేళ్లు గడువు అడుగుతుంది, అతడు ఇస్తాడు. కథ మొత్తంలో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించే ఎత్తుగడ ఇదే. ఆ పన్నెండేళ్లలో ఊయలలో వదిలివచ్చిన కొడుకు బాలవర్ధి పెరిగి పెద్దవాడై, పూలమ్మే ముసలమ్మ పంచన చేరి, తల్లికి తన జాడ తెలియజేస్తాడు. అప్పుడు ఆమె మొదటిసారి ఫకీరుతో మెత్తగా మాట్లాడుతుంది. రేపు నీకేమన్నా అయితే నా గతేమిటి, నీ ప్రాణం భద్రంగా ఉందా అని అడుగుతుంది. పుష్కరం పాటు ఎదురుచూసిన మనిషి ఆ ఒక్క పలకరింపుకు కరిగిపోయి, ఏడు సముద్రాల అవతల చిలకలో ఉన్న గుట్టు విప్పుతాడు. చెప్పేవాళ్లను బట్టి ఈ ఘట్టం మారుతుంది. ఒకరు ఒక్క మాటతో తేల్చేస్తారు, మరొకరు ఆమె ప్రశ్నను రాత్రంతా సాగదీస్తారు. వినేవాళ్లు ముందుకు జరిగి కూర్చునేది మాత్రం ఎప్పుడూ ఇక్కడే. చిలక మెడ విరిచే చోటికి వచ్చేసరికి కథ నిజానికి అయిపోయినట్టే.

ఈ కథ మన ఎల్లలు దాటి పోయింది కూడా. 1868లో మేరీ ఫ్రియర్ అచ్చువేసిన ‘ఓల్డ్ డెక్కన్ డేస్’లో పంచ్‌కిన్ అనే మాంత్రికుడి కథ ఉంది. అందులో పన్నెండేళ్లు బందీగా ఉన్న రాణి పేరు బాల్నా. ప్రాణం చిలకలో ఉంటుంది, గుట్టు అడిగేది ఆమే. జేమ్స్ ఫ్రేజర్ ‘గోల్డెన్ బౌ’లో, ఒంటికి బయట దాచుకున్న ప్రాణం గురించి చెబుతూ ఈ కథనే ముందు పెట్టాడు. రష్యా వాళ్ల కొషేయ్ తన చావును గుడ్డులోని సూదిలో దాచుకుంటాడు. హ్యారీ పాటర్ కథల్లో వోల్డెమార్ట్ తన ప్రాణాన్ని ముక్కలు చేసి వస్తువుల్లో దాస్తాడు. అది చదివి ఊగిపోయే కుర్రవాడు నాగళ్లపూడి గట్టుకు కూతవేటు దూరంలోనే ఉన్నాడు. ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారన్న లెక్క తేలేది కాదు, తేలాల్సిన అవసరమూ లేదు. గమనించాల్సింది మన కథ దేన్ని ఎక్కడ పెట్టిందన్నదే. కొన్ని బయటి కథల్లో గుట్టు తెలుసుకోవడం వీరుడి సాహసం. ఇక్కడ అది బందీగా ఉన్న ఆడమనిషి తెలివి.

కొరత, కోరిక అనే ఈ జంట కావ్యాల్లోనూ ఉంది. పదహారో శతాబ్దపు పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’లో మణికంధరుడు ఘోర తపస్సు చేసినవాడు. ఆ తపస్సు చెడగొట్టడానికి వచ్చిన రంభ మనసు నలకూబరుడి మీద ఉందని తెలిసేసరికి, తన తపఃఫలాన్ని పెట్టి నలకూబరుడి రూపం తెచ్చుకుంటాడు. అవతల కలభాషిణి రంభ రూపం వేసుకుంటుంది. అసలు రంభా నకిలీ రంభా ఎదురుపడి తగవులాడతారు. ప్రేమ కోసం తన రూపాన్నే వదులుకున్నవాడికి దక్కేది తన పేరున వచ్చిన ప్రేమ కాదు. ఇంత పదునైన సంగతిని మాయ లేకుండా చెప్పడం కష్టం. కట్టమంచి రామలింగారెడ్డి తన ‘కవిత్వతత్త్వవిచారము’లో ఈ కావ్యాన్ని తలకెత్తుకోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇక మన నేల సంగతి. గుంటూరు జిల్లాలో పంట ఇంటికొచ్చి, మిరప కళ్లాలు ఖాళీ అయ్యాక, వేసవి రాత్రుల్లో జంగం కథలు, బుర్రకథలు నడిచేవి. పొన్నెకల్లు నుంచి వచ్చిన షేక్ నాజర్ బుర్రకథకు పెద్ద గౌరవం తెచ్చి, 1986లో పద్మశ్రీ అందుకున్నాడు. ఆ కథలు విన్న నేలలోనే, తెనాలి చుట్టుపక్కల, తెలుగు మాయాకథకు అచ్చు రూపం, తెర రూపం ఇచ్చిన ముగ్గురు పుట్టారు. చక్రపాణి, కొడవటిగంటి కుటుంబరావు, దాసరి సుబ్రహ్మణ్యం. చక్రపాణి, నాగిరెడ్డి కలిసి 1947 జూలైలో ‘చందమామ’ పత్రిక మొదలుపెట్టారు. 1951లో ‘పాతాళభైరవి’ తీశారు. పింగళి నాగేంద్రరావు కథ, కె.వి.రెడ్డి దర్శకత్వం. అందులో నేపాళ మాంత్రికుడికి సాహసవంతుడైన యువకుడొకడు బలికి కావాలి. అంటే అంత మహా మాంత్రికుడికీ ఒక తోటమాలి కొడుకుతో పని పడింది. చివరికి ఇందుమతి మెచ్చుతుందన్న ఆశ పెట్టి అతడి గడ్డం గీయిస్తారు. దాంతో అతడి ఆట కట్టు. ఎస్.వి.రంగారావు ఆ పాత్రను అంతగా పండించగలిగాడంటే, ఆ భయంకరుడిలో మనసు పడ్డ మనిషి కూడా ఉన్నాడు కాబట్టే.

దాసరి సుబ్రహ్మణ్యం 1952లో చందమామలో చేరారు. 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి ‘భల్లూక మాంత్రికుడు’ దాకా పన్నెండు సీరియళ్లు రాశారు. పేరు వేసుకోలేదు. రచయిత ఎవరో తెలియకుండానే రెండు మూడు తరాల పిల్లలు నెలనెలా పోస్టుమాన్ కోసం కాచుకున్నారు. ఆయన పనితనం చూడాలంటే ‘ముగ్గురు మాంత్రికులు’ మొదలు చాలు. పింగళుడనే జాలరి సరస్సు దగ్గర ఉంటాడు. ఒక మాంత్రికుడు వచ్చి, నా చేతులు కట్టి నీళ్లలో పడెయ్యి అంటాడు. ముందు చేతులు పైకొస్తే బతికినట్టు, కాళ్లు పైకొస్తే చచ్చినట్టు. చదివే పిల్లవాడికి ఒక్క క్షణంలో లెక్క తెలిసిపోయింది. ఇక అతడి కళ్లు నీటి మీదనుంచి కదలవు. వర్ణనలు అక్కర్లేదు, నిబంధన ఒక్కటి చెబితే చాలు, భయం దానంతటదే పుడుతుంది. అరేబియా కథల్లోని జుదర్ కథే దీనికి మూలం. అయినా ప్రతి నెలా ఎక్కడ ఆపాలో, జరిగిన కథను మొదట్లో నాలుగు ముక్కల్లో ఎలా చెప్పాలో, ఎప్పుడు కొత్త వింత మృగాన్ని దించాలో తెలిసిన చెయ్యి దాసరిదే. ఆ మృగాలకు రూపం ఇచ్చినవి చిత్రకారుడు ‘చిత్రా’ బొమ్మలు. ‘యక్షపర్వతం’లో ఖడ్గవర్మ, జీవదత్తుడు, ‘మాయాసరోవరం’లో జయశీలుడు, సిద్ధసాధకుడు అంటూ వీరులను జంటగా నడపడమూ లెక్క ప్రకారం చేసిన పనే. చీకటి అడవిలో ఒక్కడే ఉంటే అతడి భయాన్ని రచయిత వర్ణించాలి. ఇద్దరుంటే వాళ్లే మాట్లాడుకుంటారు.

ఈ సాహిత్యం మీద ఉన్న పెద్ద ఆక్షేపణ మూఢనమ్మకం. దీన్ని తేలిగ్గా తోసెయ్యలేం. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన ఘటనలు తెలుగునాట జరిగాయి. 1980ల మొదట్లో యండమూరి వీరేంద్రనాథ్ నవల ‘తులసిదళం’ ఊపేసినప్పుడు క్షుద్ర సాహిత్యమన్న ముద్ర పడింది, ఆ విమర్శ వెనక నిజమైన ఆందోళన ఉంది. నా అభిప్రాయం ఏమంటే, మంత్రం ఉందా లేదా అని చూసి కథను తూచకూడదు. ఆ మంత్రానికి తలుపు ఉందా లేదా అని చూడాలి. జవాబు లేని శక్తిని, కారణం లేని శాపాన్ని చూపించే కథ పాఠకుడిని భయంలో వదిలేస్తుంది. గుట్టు ఎక్కడో ఉంది, అడిగితే తెలుస్తుంది, తెలిస్తే విరుగుతుంది అనే కథ వెతకడం నేర్పుతుంది. ‘తులసిదళం’లోనూ పాపను కాపాడింది తంత్రమా శాస్త్రమా అన్న ప్రశ్నను రెండు దారుల్లో సమంగా నడిపిన నేర్పును గుర్తించాలి. చందమామను 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా నడిపిన కుటుంబరావు వామపక్ష రచయిత, సైన్సు వ్యాసాలు రాసినవాడు. ఆయన చేతుల మీదుగా ఇన్ని మాంత్రికుల కథలు వచ్చాయంటే, ఆ కథల తర్కం మీద ఆయనకు నమ్మకం ఉండబట్టే అనుకుంటాను.

ఇదంతా కష్టాలనుంచి పారిపోవడం అని మరో మాట అంటారు. పత్తి, మిరప పండించే రైతుకు తన ధరను ఎవరు ఎక్కడ తేలుస్తున్నారో కనిపించదు. 1987-88లో గుంటూరు, ప్రకాశం పత్తి చేలను తెల్లదోమ తినేసి రైతులు ప్రాణాలు తీసుకున్న కాలంలో, ఆ నష్టం మూలాలు పొలం గట్టు మీద నిలబడితే కనిపించేవి కావు. మనల్ని ఆడించే శక్తి ప్రాణం ఏడు సముద్రాల అవతల ఉందని చెప్పే కథ అలాంటివాళ్లకు పారిపోవడం ఎలా అవుతుంది? ఆడవాళ్ల విషయంలో మాత్రం ఆక్షేపణను సగం ఒప్పుకోవాలి. దాసరి సీరియళ్లలో స్త్రీలకు చోటు తక్కువ. ‘పాతాళభైరవి’ ఇందుమతి ఎక్కువగా ఎదురుచూసే మనిషే. కానీ ఈ సంప్రదాయానికి తలమానికం బాలనాగమ్మ. నేటి ఇంగ్లిషు ప్రేమమాయల్లో, సారా జె. మాస్ 2015లో మొదలుపెట్టిన వరసతో సహా, బంధించినవాడే చాలాసార్లు ప్రియుడవుతాడు. మాయల ఫకీరు ఎంత కాచుకున్నా ప్రియుడు కాలేడు. కథ అతడి కోరికను దాచదు, జాలి పడే వీలు కూడా ఇస్తుంది. ఆమె నిరాకరణను మాత్రం చివరిదాకా నిలబెడుతుంది. ఆ నవలలనూ ఈ కథనూ కలిపి చదివిన అమ్మాయికి పోల్చుకోవడానికి ఒక కొలత దొరుకుతుంది.

దాసరి సీరియళ్లు పుస్తకాలుగా వచ్చాయి, వెతికితే దొరుకుతాయి. 1918లో పుట్టిన వేటపాలెం సారస్వత నికేతనం లాంటి గ్రంథాలయాలు పాత పత్రికలను కాపాడుతున్నాయి. కానీ బాలనాగమ్మ ఫకీరును అడిగిన ఆ ప్రశ్న ఏ ఊళ్లో ఎవరు ఎలా అడిగించారన్నది చాలావరకు ముసలివాళ్ల గొంతుల్లోనే ఉంది. మీ ఊళ్లో ఆ కథ పూర్తిగా వచ్చిన పెద్దలు ఇంకా ఉంటే, ఈ వేసవిలోనే వాళ్ల దగ్గర కూర్చోండి. ఫోనులో రికార్డు చెయ్యండి. ఆ ఘట్టం దగ్గర మాత్రం మధ్యలో ఆపకుండా చెప్పనివ్వండి.