భయానికి కట్టిన కూలి

'ఉత్కంఠ' అన్న మాట వినగానే మన విమర్శకులలో చాలామంది ముఖం తిప్పుకుంటారు. అది డిటెక్టివ్ నవలలకూ స్టంటు సినిమాలకూ చెందిన సరుకనీ, సామాజిక వాస్తవికతతో దానికి పొత్తు కుదరదనీ వారి నమ్మకం. ఒకప్పుడు నా నమ్మకమూ అదే. అయినా ఒక చిత్రాన్ని మాత్రం దొంగచాటుగా ప్రేమిస్తూ వచ్చాను. ఫ్రెంచి దర్శకుడు హెన్రీ జార్జ్ క్లూజో తీయగా 1953లో విడుదలైన 'ది వేజెస్ ఆఫ్ ఫియర్' ఆ చిత్రం. విద్యార్థి దశలో ఒక ఫిల్మ్ సొసైటీ ప్రదర్శనలో, ఒళ్లంతా గీతలు పడి, చాలాచోట్ల కోతపడిన ప్రతిని చూశాను. లారీలు, లోయలు, ఎప్పుడు పేలుతుందో తెలియని సరుకు - గుర్తుండిపోయింది ఇంతే. 2017లో 4కె ప్రమాణంలో పునరుద్ధరించిన ఆ చిత్రాన్ని ఈ మధ్య డిస్క్ మీద, ఇంట్లో కూర్చుని చూశాను. ఇన్నేళ్లుగా నేను ప్రేమించింది సగం చిత్రాన్నేనని అప్పుడు తెలిసింది.

కథ చిన్నది. దక్షిణ అమెరికాలో లాస్ పియెద్రాస్ అనే ఊహాజనితమైన ఊరు. పని లేదు. తిరిగి పోదామంటే విమానం టిక్కెట్టుకు డబ్బు లేదు. అక్కడ చిక్కుకుపోయినవారిలో ఫ్రెంచివాళ్లు, ఇటాలియన్లు, జర్మన్లు ఉన్నారు. అందరి దరిద్రానికీ ఒకటే భాష. ఊరికి దాదాపు 300 మైళ్ల దూరంలో ఒక అమెరికన్ చమురు కంపెనీ బావి అంటుకుంటుంది. ఆ మంటను పేల్చి ఆర్పాలంటే నైట్రోగ్లిజరిన్ కావాలి. కొద్దిపాటి కుదుపుకే పేలిపోయే ద్రవం అది. దాన్ని మోయడానికి తగిన ప్రత్యేక వాహనాలు తెప్పించే ఓపిక కంపెనీకి లేదు. మామూలు లారీలు రెండు, నలుగురు డ్రైవర్లు, మనిషికి 2000 డాలర్లు.

1955లో ఈ చిత్రం అమెరికాలో విడుదలైనప్పుడు కంపెనీని వేలెత్తి చూపే దృశ్యాలకు కత్తెర పడింది. అవి తిరిగి చేరిన ప్రతి అక్కడి తెరలకెక్కేసరికి 1991 అయింది. పంపిణీదారులకు అమెరికా వ్యతిరేకత కంటగింపైందన్నది తెలిసిన సంగతే. నన్ను ఆలోచింపజేసింది మరొకటి. లారీలు నడిచే దృశ్యాలను ఎవరూ పెద్దగా ముట్టుకోలేదు. అంటే భయాన్ని ఉంచి, కూలిని తీసేశారు. శీర్షికలోని రెండు మాటల్లో ఒకటి ఎగిరిపోయింది. వస్తువునూ శిల్పాన్నీ విడదీయలేమని మనం సభల్లో పదేపదే చెప్పుకుంటాం. వాటిని ఎక్కడ కోస్తే విడిపోతాయో ఆ కత్తెర పట్టినవాళ్లకు మనకంటే బాగా తెలుసు!

పూర్తి ప్రతిలో కంపెనీ ఆఫీసు దృశ్యాలు చూడండి. మేనేజరు ఒబ్రయన్ రాక్షసుడేమీ కాదు. లెక్కలు తెలిసిన ఉద్యోగి, అంతే. ఈ పనికి దేశదిమ్మరులనే ఎందుకు తీసుకోవాలో అతడు పక్కవాళ్లకు తాపీగా వివరిస్తాడు. వీళ్లకు యూనియన్ లేదు, కుటుంబం లేదు, పేలిపోతే నష్టపరిహారం అడగడానికి ఎవరూ రారు. ప్రమాదంపై విచారణకు వచ్చేవారికి ఏం చెప్పాలన్నదీ అతనికి సమస్య కాదు. తప్పంతా చనిపోయినవారిదే అంటే సరి. కాంట్రాక్టు కూలీల బతుకు చూసిన తెలుగు పాఠకునికి ఈ తర్కం కొత్తగా విప్పి చెప్పనక్కరలేదు.

ఇంకో సంగతి నేను పూర్తిగా మరిచిపోయాను. ఎంపికలో నెగ్గని ఒక యువకుడు ఉరి వేసుకుంటాడు. చావుకు తీసుకుపోయే ఉద్యోగం దొరకలేదని చావు! ఈ ఒక్క వివరం తర్వాత లారీ ఎక్కే నలుగురినీ 'సాహసవీరులు' అనడానికి నోరు రాదు.

లారీలు కదిలే ముందు దాదాపు గంటసేపు ఈ ఊరే ఉంటుంది. ఎండ, ఈగలు, కాఫీ హోటల్లో అరువు, బొద్దింకలను దారంతో కట్టి ఆడుకునే పిల్లవాడు. దీన్ని నత్తనడక అన్నవాళ్లున్నారు. నాకు ఇప్పుడు అదే చిత్రానికి ఇంధనంలా కనిపిస్తోంది. ముడతలు పడిన రోడ్డు మీద లారీని మరీ మెల్లగానో మరీ వేగంగానో నడపాలి తప్ప మధ్యస్థంగా నడిపితే కుదుపుకు సరుకు పేలుతుంది. కొండ మలుపులో పుచ్చిపోయిన చెక్కల వేదిక మీదికి లారీని వెనక్కి నడపాలి. ఈ దృశ్యాల్లో మన గుండె కొట్టుకోవడానికి కారణం చక్రం కింద చెక్క విరగడం ఒక్కటే అయితే సర్కసు చాలును. ఆ చక్రం వెనక ఉన్నవాడికి వెనుదిరిగి పోవడానికి చోటు లేదన్న ఎరుక ఆ గంటలోనే మనలో ఇంకి ఉంటుంది.

షార్ల్ వనెల్ నటించిన జో పాత్ర సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఊళ్లో దర్జాగా తిరిగి, ఈవ్ మోంతాన్ పోషించిన మారియోను తన చుట్టూ తిప్పుకున్న పెద్దమనిషి లారీ ఎక్కగానే కూలిపోతాడు. చూసిన మొదటిసారి అతడు నాకు పిరికివాడు. ఇప్పుడు చూస్తే ఆ నలుగురిలో పరిస్థితి సరిగ్గా అర్థమైనది అతనికే అనిపిస్తోంది. తాము డబ్బు తీసుకునేది లారీ నడిపినందుకు మాత్రమే కాదనీ, భయపడినందుకు కూడాననీ అతడు మారియోతో అంటాడు. శ్రమశక్తిని అమ్ముకోవడం గురించి మనం చాలా రాశాం. కార్మికుడు తన నరాలను కూడా అమ్ముతున్నాడనీ, దానికి వేరే పద్దు ఉండదనీ ఒక పిరికివాడి నోట వినవలసి వచ్చింది. లూయీజీ అనే ఇటాలియన్‌కు సిమెంటు పనిలో ఊపిరితిత్తులు అప్పటికే పాడయ్యాయి. లారీ పేలకపోయినా అతడు మెల్లగా పేలుతున్నవాడే.

లూయీజీ, బింబా నడిపే లారీ పేలడాన్ని క్లూజో మనకు చూపడు. వెనక లారీలో జో సిగరెట్ చుట్టుకుంటుంటాడు. ఒక్కసారి గాలి విసిరి కాగితంలోని పొగాకు ఎగిరిపోతుంది. తర్వాతే వెలుగు, పొగ. ఇద్దరి చావు చిటికెడు పొగాకంత. కంపెనీ లెక్కలో దాని బరువు అంతకు మించదు గదా. పాత ప్రతిలో ఈ క్షణం గీతల వానలో కొట్టుకుపోయింది. ఈ ప్రతిలో పొగాకు రేణువులు కనిపించాయి. ఆ తర్వాత వచ్చే చమురు గుంటలో మనుషుల ఒంటిమీది నలుపు కూడా అలాగే మెరుస్తుంది. పునరుద్ధరణ వల్ల కలిగే మేలు ఇలాంటిది.

అయితే ఇంటి తెరతో ఒక చిక్కుంది. డిస్క్ మీద చిత్రాన్ని అధ్యాయాలుగా విడగొడతారు. రిమోట్ చేతిలో ఉంటుంది. రెండోసారి చూస్తూ నేనే సూటిగా చెక్కల వేదిక దగ్గరికి దూకాను. ఊరూ లేదు, ఆఫీసూ లేదు. 1955 నాటి కత్తెర నా బొటనవేలికి వచ్చింది! సిగ్గేసి మళ్లీ మొదటినుంచీ పెట్టాను.

ఇంత చెప్పి చిత్రం లోపాలను దాచడం సబబు కాదు. వేరా క్లూజో నటించిన లిండా నేల తుడుస్తూ, మారియో చేయి కోసం కుక్కలా పాకుతూ కనిపిస్తుంది. ఆమె మీద జరిగే దౌర్జన్యాన్ని కెమెరా విమర్శిస్తోందా, ఆనందిస్తోందా అన్న అనుమానం నాకు తీరలేదు. చివర మారియో డబ్బుతో తిరిగి వస్తూ, రేడియోలో వాల్ట్జ్ సంగీతానికి లారీని ఊపుకుంటూ లోయలో పడతాడు. విధి చేతివాటం ఇది. రెండున్నర గంటలు కార్యకారణాలను అంత పట్టుదలగా చూపిన దర్శకుడు చివరి రెండు నిమిషాల్లో పాపం తొందరపడ్డాడు. ఇదే నవలను 1977లో 'సార్సరర్' పేరుతో తీసిన విలియం ఫ్రీడ్కిన్ నలుగురి పూర్వకథలూ చెప్పి కారణాలు పెంచాడు గాని, నిరాశ అక్కడా తగ్గలేదు.

అన్నిటికంటే నన్ను వెంటాడుతున్నది ఒక చిన్న దృశ్యం. బావి అంటుకున్న వార్త రాగానే ఊరి జనం గుమిగూడతారు. చచ్చేది ఎప్పుడూ తమవాళ్లేనన్న మాట ఆ గుంపులోంచి పైకి వస్తుంది. చిత్రం మొత్తంలో 'మేము' అన్న మాట ఒంటరిగా కాక గుంపుగా వినిపించేది అక్కడే. క్లూజో దాన్ని విన్నాడు, కాదనను. కాని అంతలోనే నలుగురు పరదేశులు దొరికారు, లారీలు సిద్ధమయ్యాయి. కెమెరా వాళ్ల వెంట వెళ్లిపోయింది. ఆ జనం ఆ రాత్రి ఇళ్లకు వెళ్లి ఏం మాట్లాడుకున్నారో ఏ పునరుద్ధరణలోనూ దొరకదు. అది తీయనే లేదు.