ముందు ఏది లేవాలి?

సర్వర్ల పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు తరచూ అడుగుతుంటారు: మెషీన్ రీబూట్ అయితే ముందు టామ్‌క్యాట్ లేవాలా, ఇంజిన్‌ఎక్స్ లేవాలా? ముందు టామ్‌క్యాటే అనుకుని చాలామంది సిస్టమ్‌డీలో ‘ఆఫ్టర్’ అని ఒక లైను రాసి నిశ్చింతగా ఉంటారు.

ఆ లైను వరస మాత్రమే చెబుతుంది, టామ్‌క్యాట్‌ను లేపమనదు. అందుకు ‘వాంట్స్’ గానీ ‘రిక్వైర్స్’ గానీ విడిగా రాయాలి. అదీ రాశారనుకుందాం. సర్వీసు ‘సింపుల్’ రకమైతే, ప్రాసెస్ పుట్టగానే సిస్టమ్‌డీ లెక్కలో అది స్టార్ట్ అయిపోయినట్టే. పొయ్యి వెలిగించగానే అన్నం ఉడికిపోదు కదా! వార్ ఫైలు విప్పుకోవాలి, స్ప్రింగ్ తన బీన్‌లను తయారుచేసుకోవాలి, డేటాబేస్‌కు కనెక్షన్లు దొరకాలి. పైగా మనం సెట్టింగ్ మార్చకపోతే, ఈ పనులేవీ పూర్తికాకముందే టామ్‌క్యాట్ 8080 పోర్టు పట్టేసుకుంటుంది. అందుకే పోర్టు తెరుచుకుందా అని చూసి ఊరుకునే స్క్రిప్టును నేను నమ్మను. అప్లికేషన్‌లోనే హెల్త్ చెక్ పెట్టి, దాన్నుంచి 200 వచ్చాకే సిద్ధమైందని ఒప్పుకుంటాను. డాకర్ కంపోజ్‌లోనూ అంతే, ‘సర్వీస్ హెల్దీ’ షరతు పెడితే తప్ప ‘డిపెండ్స్ ఆన్’ అంతవరకూ ఆగదు.

అసలు వెనకున్నది లేవకపోయినా ఇంజిన్‌ఎక్స్ హాయిగా లేస్తుంది, వచ్చినవాళ్లకు 502 చూపిస్తుంది, అంతే. అప్‌స్ట్రీమ్‌లో రాసిన హోస్ట్ పేరుకు అడ్రస్ దొరకనప్పుడు మాత్రం స్టార్ట్ కానని మొరాయిస్తుంది. అపాచీ తీరు వేరు. కనెక్షన్ ఒకసారి విఫలమైతే, మనం ‘రీట్రై’ విలువ మార్చకపోతే, 60 సెకన్ల దాకా మళ్లీ అటువైపు చూడదు. ఈలోగా టామ్‌క్యాట్ లేచినా జనానికి కనిపించేది 503నే.

అందుకే టామ్‌క్యాట్ సిద్ధమయ్యేదాకా వెబ్ సర్వర్‌ను ఆపి ఉంచొద్దంటాను. వెనక ఎవరూ లేనప్పుడు ఏం చెప్పాలో దానికి నేర్పాలి: కాసేపాగి రమ్మనే ఒక సాదా పేజీ, ‘రీట్రై ఆఫ్టర్’ హెడర్. మిట్టమధ్యాహ్నం టామ్‌క్యాట్ మెమరీ చాలక పడిపోతే బూట్ వరస ఎందుకు పనికొస్తుంది? అప్పుడు ఆదుకునేది ఈ పేజీయే.

అలాగని ‘ఆఫ్టర్’ లైను తీసేయమనను. మెషీన్ ఆపేటప్పుడు సిస్టమ్‌డీ అదే వరసను తిరగేస్తుంది. ముందు ఇంజిన్‌ఎక్స్ ఆగాలి, అదీ ‘క్విట్’ సిగ్నల్‌తో, చేతిలో ఉన్న రిక్వెస్టులు ముగించుకుని. టామ్‌క్యాట్ ఆ తర్వాతే. ఈ వరస తప్పితే ఎవరిదో పేమెంట్ సగంలో తెగిపోతుంది.