వడి బంతికి గీటురాయి

తిరుత్తణిలోగాని తిరువళ్లూరులోగాని నలుగురు తెలుగువారు చేరి క్రికెట్టు ముచ్చట తెచ్చినచో, అది త్వరలోనే ఒక వాదమునకు దారితీయును: ఫాస్ట్ బౌలర్లలో మేటి యెవరు? పెద్దలు లిల్లీ పేరు చెప్పుదురు. నడివయసువారు వసీం అక్రమ్ అందురు. పిల్లలు బుమ్రాను విడువరు. ఎవరి కన్నులు మొదట ఎవరిని చూచినవో వారికే కిరీటము. ఇది అభిమానమే గాని విమర్శ కాదు. విమర్శకు గీటురాయి కావలెను.

వికెట్ల రాశియే గీటురాయి యందుమా, 188 టెస్టులలో 704 వికెట్లు తీసిన ఆండర్సన్‌ను మించిన ఫాస్ట్ బౌలరు లేడు. వికెట్టుకు ఇచ్చిన పరుగుల సరాసరి యందుమా, 27 టెస్టులలో 189 వికెట్లను 16.43 సరాసరితో తీసిన సిడ్నీ బార్న్స్ ముందుకు వచ్చును. కాని రాశి కొలుచునది దేహదార్ఢ్యమును, దీర్ఘసేవను. సరాసరియో, కాలమునుబట్టి మారును. బార్న్స్ తన వికెట్లలో 49 వికెట్లను 1913-14 నాటి దక్షిణాఫ్రికా పర్యటనలో, చాప పరచిన పిచ్‌లమీద తీసెను. ఆనాటి లెక్కను నేటి లెక్కతో సరితూచుట యెట్లు?

నా గీటురాయి వేరు. అది బౌలరుకు అనుకూలింపని నేల. పచ్చికయు తేమయు గట్టిదనమును గల పిచ్‌పై వడి బంతి తానై లేచును. మన దేశపు పిచ్‌లలో పెక్కింట అది అంత ఎత్తు లేవదు. ఎండకు నేల పగిలినకొలది స్పిన్నరుదే రాజ్యము. అచ్చట నెగ్గిన ఫాస్ట్ బౌలరు తన విద్యచేతనే నెగ్గెనని నమ్మవచ్చును.

అయినను ఒక్క టెస్టును చూచి తీర్పు చెప్పరాదు. 1975 జనవరిలో మన కందరికిని చేరువైన చేపాక్ మైదానమున ఆండీ రాబర్ట్స్ 64 పరుగులకు 7, మరల 57 పరుగులకు 5 వికెట్లు తీసెను. నాటి పిచ్‌లో చురుకుదనము కలదు. అతని యెదుట విశ్వనాథ్ 97 పరుగులతో అజేయుడై నిలిచెను. మనవారు 100 పరుగుల తేడాతో గెలిచిరి. మన నేలయంతయు ఒకే తీరుది కాదనుటకు ఇదియే నిదర్శనము. కావున ఊరూరా తిరిగి ఆడిన సిరీస్ మొత్తమును చూడవలెను.

అట్లు చూచినచో నాకు మొదట కనబడునది మాల్కం మార్షల్. 1978లో ఇరువది యేండ్ల ప్రాయమున ఇచ్చటికి వచ్చి మూడు టెస్టులలో మూడు వికెట్లే తీసెను. 1983లో మరల వచ్చి, కాన్పూరు మొదలు మద్రాసు వరకు ఆరు టెస్టులలో 18.81 సరాసరితో 33 వికెట్లు కొల్లగొట్టెను. ఆ చివరి టెస్టున గవాస్కర్ అజేయముగా 236 పరుగులు చేసినాడనగా, ఆ పిచ్‌లు బ్యాట్స్‌మనుకు ఎంత మేలు చేయగలవో తెలియును. ఓడిన నేలపైననే విద్య నేర్చి నెగ్గిన వానికి ప్రథమ స్థానమిచ్చుట న్యాయము. మన దేశమున 8 టెస్టులలో 33 వికెట్లు తీసిన మెగ్రాత్‌ది రెండవ స్థానము. 2010లో నాగపూరున ఒకే ఇన్నింగ్సులో 51 పరుగులకు 7 వికెట్లు తీసిన స్టెయిన్‌ది మూడవది. లిల్లీ మన గడ్డపై టెస్టు ఆడలేదు. 1980లో పాకిస్తాన్‌లో మూడు టెస్టులకు మూడు వికెట్లే దక్కినవి. అయినను 1987లో మద్రాసున వెలసిన ఎం.ఆర్.ఎఫ్. పేస్ ఫౌండేషన్‌లో మన కుర్రవారికి ఆ విద్య నేర్పినవాడు అతడే. గురువు స్థానము వేరు, బౌలరు స్థానము వేరు.

మరి తెలుగునాట పుట్టిన సిరాజ్ మాట యేమి? 2025 ఆగస్టులో ఓవల్ మైదానమున 104 పరుగులకు 5 వికెట్లు తీసి, 6 పరుగుల తేడాతో మన జట్టును గెలిపించెను. ఆ సిరీస్‌లో ఐదు టెస్టులును ఆడి 23 వికెట్లు తీసెను. అలుపెరుగని ఆ గుండెకు నమస్కారము. కాని “మనవాడు” అను ఒక్క కారణమున అతనిని మార్షల్ పంక్తిన కూర్చుండబెట్టినచో, నిజముగా అతడు సాధించినదియు కాకిలెక్కలలో కలిసిపోవును. సరాసరి ఇరువదికి లోబడి 200 వికెట్లు దాటిన మొదటివాడు బుమ్రా. ఆట ముగియకమునుపు అతనికైనను తుది తీర్పు తగదు.

1960లో తిరుత్తణి చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రమున చేరినప్పటినుండి, “మనవాడు” అను మాట మన యిండ్లలో మరింత తీయనైనది. తప్పులేదు. అయితే నాగపూరున స్థిరపడిన తెలుగు కుటుంబమున పుట్టిన సి.కె. నాయుడుగారిని తలపవలెను. 1932లో లార్డ్స్‌లో మన తొలి టెస్టుకు నాయకుడై, కొత్త బంతిని నిస్సార్‌కును అమర్‌సింగ్‌కును ఇచ్చెను. వారి భాష తెలుగు కాదు. నిస్సార్ 93 పరుగులకు 5 వికెట్లు తీసెను. పిల్లల యెదుట మనము చేయు వాదమునందును ఆ న్యాయదృష్టియే యుండిన, రేపు మనవాని నొకని మనము మెచ్చునపుడు పొరుగువారును ఆ మెప్పును నమ్ముదురు.