విట్మను లేఖలలో గృహవార్త

అమెరికా యంతర్యుద్ధమున 1862 డిసెంబరులో తమ్ముడు జార్జి గాయపడెనని పత్రికవలన నెఱిగి కవి వాల్టు విట్మను వర్జీనియాకు బోయెను. గాయము స్వల్పమే, అయినను గవి యింటికి మరలక వాషింగ్టను వైద్యశాలలలో క్షతగాత్రులకు బరిచర్య చేయుచు, వారి యిండ్లకు లేఖలు వ్రాసిపెట్టుచు నుండెను. ఆ కాలమున బ్రూక్లినులోని తల్లికి వ్రాసిన జాబులను గవిమిత్రుడగు బక్కు 1898లో బ్రకటించెను.

వీనియందు మరణాసన్నుల వృత్తాంతముతో గంఠవ్యాధిగ్రస్తుడగు తమ్ముడు ఆండ్రూ స్థితియు, మఱియొక తమ్ముడు జెఫ్ బిడ్డల సుద్దులును గలసియే వచ్చును. యుద్ధచరిత్ర గోరువారికి నివి ప్రకృతమునకు బాహ్యములుగా దోపవచ్చును. ఆ తలంపు యుక్తము గాదు. ఆకాంక్షా యోగ్యతా సన్నిధులు గలిగినగాని పదసమూహము వాక్యము గానేరదని శాస్త్రము. పరుల తల్లులకు వార్త లంపువాడు తన యింటివార్తకై యెదురుచూచుటయే యిట నాకాంక్ష. సంబంధపదము లేకున్నను సన్నిధిచేతనే యన్వయము సిద్ధించుచున్నది. గృహవార్తలను దీసివైచినచో మిగులునది వైద్యశాల పట్టిక. సైనికులను గుమారా, సోదరా యని సంబోధించి వ్రాసిన మైత్రీలేఖలు వేఱుగ గలవు. అందలి బంధుశబ్దములును, ఈ జాబులను జదివినవారికి, లాక్షణికములు గాక ముఖ్యార్థముననే తోచును. జాలిమాటల పునరుక్తి మాత్రము దోషమే.

ఇంతగా నడుగబడిన ఆండ్రూ 1863 డిసెంబరు 3వ తేదిని మృతినొందెను. కవి యంతకుమున్నే బ్రూక్లిను వచ్చి, యతనిని జూచి, వైద్యశాలలకు మరలిపోయియుండెను.