పరిధి మాట మొదటనే
మంజీర నీటిపై వరి పండించుకొను మా బాన్సువాడ ప్రాంతమున నేడు మోటారు సైకిలుకును, చేతిఫోనునకును సైతము అప్పు సులభముగా లభించుచున్నది. ఆ పత్రముల చివర సూక్ష్మాక్షరములలో, వివాదమేదైనను ఫలానా మహానగరపు కోర్టులోనే తేలవలెనను షరతొకటి దాగియున్నదని మాత్రము, కిస్తీలు తప్పి సమను చేతికందిన దినముననే చాలమందికి తెలియవచ్చును. అంత దూరము పోలేక బాకీదారు ఇంట కూర్చుండును. అక్కడ ఏకపక్షముగా డిక్రీ వెలువడును.

వకీలు వృత్తిలో నాకు మిక్కిలి ఇష్టమైనది ఈ ఘట్టమున వేయదగిన అధికారపరిధి అభ్యంతరము. ప్రతివాది నివసించు చోటనో, వ్యాపారము చేయు చోటనో, వ్యాజ్యకారణము పూర్తిగాగాని కొంతగాగాని పుట్టిన చోటనో దావా వేయవలెనని 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడు 20వ సెక్షను శాసించుచున్నది. వాది కార్యాలయ మెచ్చట నున్నదను ప్రశ్నకు అందు తావు లేదు. ఆ సెక్షను క్రింది ఉదాహరణములో కలకత్తా వర్తకుడొకడు ఈస్టిండియన్ రైల్వే కంపెనీ ద్వారా నేటికిని ఢిల్లీ వ్యాపారికి సరకు పంపుచునే యున్నాడు. కంపెనీ పోయినను అతనిని ఎవరును కదలింపలేదు!

మరి సంతకము చేసిన షరతు మాటేమి? పరిధి లేని కోర్టుకు ఉభయుల సమ్మతి పరిధిని ప్రసాదింపజాలదనియు, పరిధి గల కోర్టులు రెండున్నచో ఒకదానిని ఎన్నుకొనవచ్చుననియు హకమ్‌సింగ్ కేసులో 1971లో సుప్రీంకోర్టు తేల్చినది. వారణాసిలో అర్జీ వేసిన హకమ్‌సింగ్ ఆ రెండవ సూత్రముచేతనే ఓడెను. కనుక సంతకము ఎచ్చట చేసితిరి, సొమ్ము ఏ ఖాతాలో పడినది, ఎచ్చట చెల్లింతునని ఒప్పుకొంటిరి అని కక్షిదారును ముందుగా అడుగుదును. మూడవ ప్రశ్నకు వచ్చు జవాబే తరచు మా వాదమును దెబ్బతీయును.

ఈ అభ్యంతరమును మొదటి కోర్టులోనే, వీలైనంత త్వరగా, ఇష్యూలు స్థిరపడు నాటికైనను లేవనెత్తకున్నచో పైకోర్టు ఆలకింపదని 21వ సెక్షను హెచ్చరించుచున్నది. జవాబు దాఖలుకు సమను అందినది మొదలు 30 దినములు, కోర్టు పొడిగించినచో 90. వడ్డీపై పుటలకొలది వాదించి, తుదిపేరాలో పరిధిని స్మరించువారు కలరు; నేను మొదటి పేరాలోనే వ్రాయుదును.

గెలిచినను దావా కొట్టివేయబడదు. 7వ ఆర్డరు 10వ రూలు ననుసరించి తగిన కోర్టులో దాఖలుకై ప్లెయింటు వాపసగును, బాకీ బాకీగానే యుండును. ఇంతమాత్రమునకేనా ఈ శ్రమ యని కక్షిదారులు నిట్టూర్చుట కద్దు. అయితే విచారణ మా కామారెడ్డి జిల్లాకు వచ్చినచో, అతడు రసీదులు చేతపట్టుకొని తానే బోనెక్కి, తాను కట్టిన కిస్తీలలో ఏవి లెక్కకెక్కలేదో ఒక్కొక్కటిగా చూపగలడు.